ఆరు నెలల ఉద్యోగం, కళల ట్రస్టు లెక్కలు: చేరాలా, వద్దా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. బీకాం అయ్యాక సీఏ ఇంటర్ దాకా చదివాను. పదమూడేళ్లు ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో పనిచేశాను. కిందటేడు ఆ యూనిట్ మూసేశారు, అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో సంగీతం, నాట్యం, జానపద కళల కోసం పనిచేసే ఒక ఫౌండేషన్ వాళ్లు సీనియర్ అకౌంటెంట్‌గా రమ్మంటున్నారు. అక్కడి ఆవిడ ప్రసూతి సెలవు మీద వెళ్తున్నారు. అందుకని ఈ జూలై 1 నుంచి డిసెంబరు 31 వరకే. కన్సల్టెంట్ పద్ధతిలో నెలకు 60 వేలు ఇస్తారట. నా పాత జీతం 78 వేలు. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. కానీ లేచే ముందు కార్యదర్శి గారు, "ఒక కంపెనీ సీఎస్సార్ (సామాజిక బాధ్యత) కింద మృదంగం, డోలు శిక్షణకు ఇచ్చిన డబ్బులోంచి తొమ్మిది లక్షలు జీతాలకూ ఆఫీసు అద్దెకూ వాడాం. ప్రభుత్వ గ్రాంటు రాగానే సర్దేస్తాం. అది కాస్త మీరు చూసుకోవాలి" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ట్రస్టు లెక్కలు నేనెప్పుడూ చూడలేదు. మావారు, "ఆరు నెలల కోసం లేనిపోని తలనొప్పి ఎందుకు" అంటున్నారు. టెంపరరీ ఉద్యోగం రెజ్యూమెలో మచ్చలా ఉంటుందని అన్నయ్య అంటున్నాడు. చేరమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చేరమనే చెబుతానమ్మా. అయితే ఆ తొమ్మిది లక్షల సంగతి కాగితం మీదకు వచ్చాకే చేరండి. ముందు దాని గురించే మాట్లాడుకుందాం. మిగతావన్నీ నేర్చుకుంటే వచ్చే విషయాలు. ఇది మాత్రం చేరకముందే తేల్చుకోవాల్సింది.

కార్యదర్శి గారు దాచకుండా చెప్పారు. అది మంచి సూచనే. కళల సంస్థల్లో ఇలాంటివి ఎందుకు జరుగుతాయో కూడా మీకు తెలియాలి. ప్రభుత్వ సాయం మంజూరైన రోజున చేతికి రాదు. వాయిదాల్లో వస్తుంది, చాలాసార్లు ఖర్చయిపోయాక వస్తుంది. ఈలోగా గురువు గారికి నెలనెలా ఇవ్వాల్సింది ఆగదు, కరెంటు బిల్లు ఆగదు. దాతల్లో ఎక్కువమంది కార్యక్రమానికి డబ్బిస్తారు గానీ గుమస్తా జీతానికి ఇవ్వరు. దాంతో బ్యాంకులో కనిపిస్తున్న డబ్బు మీదకు చెయ్యి వెళ్తుంది. సొంతానికి వాడుకోవాలని కాదు, నెల గడవాలని. ఇలాంటి సంస్థల పుస్తకాలు చాలాకాలంగా చూస్తున్నదాన్ని కాబట్టి, నిజాయితీగా నడిచే చోట కూడా ఇది ఎదురవుతుందని చెప్పగలను.

కానీ ఉద్దేశం మంచిదైనంత మాత్రాన లెక్క సరైపోదు. శిక్షణ కోసం వచ్చిన డబ్బు ట్రస్టు ఖాతాలో ఉన్నా అది ఆ శిక్షణదే. దాన్ని జీతాలకు వాడారంటే ట్రస్టు తన సొంత ప్రాజెక్టు దగ్గరే అప్పు చేసినట్టు. అప్పును అప్పుగా పుస్తకాల్లో చూపించాలి. సాధారణ నిధి శిక్షణ నిధికి తొమ్మిది లక్షలు బాకీ అని ఎంట్రీ ఉండాలి. దాని వెనక ట్రస్టీల తీర్మానం ఉండాలి, ఎప్పటిలోగా తీరుస్తారో అందులో రాయాలి. ఆ పైన డబ్బిచ్చిన కంపెనీకి ఒక ఉత్తరం వెళ్లాలి: శిక్షణ ఇంత జరిగింది, ఇంత మిగిలింది, ఫలానా కారణంతో ఆలస్యమైంది, గడువు పొడిగించండి అని. కంపెనీలు మందలిస్తాయి, ఒక్కోసారి డబ్బు వెనక్కి ఇమ్మంటాయి. అయినా ఉత్తరం రాయాల్సిందే.

వద్దే వద్దన్న పని ఒకటుంది. శిక్షణకు మొత్తం ఖర్చయిపోయిందని వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ, తయారు చేయడం. ఆ కాగితం మీ ఫైల్లో ఆగదు. సీఎస్సార్ నిబంధనల ప్రకారం, ఇచ్చిన డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని ఆ కంపెనీ సీఎఫ్ఓ, అంటే ఆర్థిక వ్యవహారాల అధిపతి, తమ బోర్డుకు సర్టిఫై చేయాలి. ఆయన సంతకం మీ కాగితాన్ని నమ్మి పెట్టేదే. ఆలస్యం జరిగితే సర్దుకోవచ్చు. జరగని క్లాసులకు హాజరు పట్టీలు, పాత తేదీలతో వోచర్లు పుట్టిస్తే ఇక సర్దుకునేది ఏమీ ఉండదు. "మీరు చూసుకోవాలి" అన్న మాటకు అర్థం ఈ రెంటిలో ఏదో కార్యదర్శి గారినే అడగండి. మొహమాటపడకండి. "సార్, దీన్ని నిధుల మధ్య బాకీగా చూపించి, తీర్మానం పెట్టి, దాతకు తెలియజేద్దామా?" అంటే సరిపోతుంది. "అవును, అందుకే అనుభవం ఉన్న మనిషి కావాలన్నాం" అంటే నిశ్చింతగా చేరండి. "అంత దూరం ఎందుకమ్మా, ఖర్చయినట్టు రాసేద్దాం" అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. జీతం పెంచుతామన్నా సరే.

ఇంకో ప్రశ్న కూడా అప్పుడే అడగండి. వాళ్లకు విదేశీ విరాళాలు వస్తాయా? అమెరికాలో ఉన్న మనవాళ్లు నాట్యోత్సవాలకు డబ్బు పంపడం మామూలే. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పంపిన మనిషి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై అయితే, మామూలు బ్యాంకు మార్గంలో వచ్చిన అతని సొంత డబ్బు విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు పంపితే మాత్రం విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. స్థానిక విరాళాలతో అది కలవకూడదు. 2020లో చట్టం మార్చాక పరిపాలన ఖర్చుకు అందులో 20 శాతం మించి వాడకూడదు, వేరే సంస్థకు బదలాయించడం అసలే కుదరదు. అందుకని ఆ తొమ్మిది లక్షల్లాంటి సర్దుబాటు విదేశీ ఖాతాలోంచి జరిగిందని తెలిస్తే, నేను పైన చెప్పిన ఎంట్రీ, తీర్మానం దానికి సరిపోవు. ఆ ఉద్యోగం మీకొద్దు. ముందు వాళ్లను వాళ్ల సీఏ దగ్గరకు వెళ్లమనండి.

ఇప్పుడు మీ ఆరు నెలలు క్యాలెండర్లో ఎక్కడ పడ్డాయో చూడండి. మార్చితో ముగిసిన ఏడాదికి ట్రస్టు ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30లోపు, రిటర్ను అక్టోబరు 31లోపు వేయాలి. విదేశీ విరాళాలుంటే వాటి వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 డిసెంబరు 31లోపు. గడువులు పొడిగించిన సంవత్సరాలు ఉన్నాయి, వాటిని నమ్ముకుని కూర్చోకూడదు. మూడూ మీ కాలంలోనే వచ్చాయి. అంటే మీరు రాయని పుస్తకాలకు మీరు జవాబు చెప్పుకోవాలి. టెంపరరీ సీనియర్ అకౌంటెంట్ పనిలో అసలు కష్టం ఇదే. ఆరు నెలలు రోజువారీ వోచర్లు రాసి వచ్చేయడం కాదు.

అందుకే చేరిన మొదటి రోజున ఒక గీత గీయాలి. జూన్ 30 సాయంత్రానికి ప్రతి బ్యాంకు ఖాతాలో ఎంత ఉంది, స్టేట్‌మెంటుతో సరిపోయిందా, పెట్టెలో నగదు ఎంత, ఏ దాత డబ్బు ఎంత మిగిలింది, ఎవరి దగ్గర అడ్వాన్సులు ఉన్నాయి, టీడీఎస్ ఏ నెల దాకా కట్టారు, 80జీ (దాతకు పన్ను రాయితీ ఇచ్చే సెక్షన్) విరాళాల స్టేట్‌మెంటు మే 31లోపు వేశారా లేదా. ఇవన్నీ రెండు పేజీల నోటులో రాసి, నగదు మీరూ ఇంకొకరూ కలిసి లెక్కపెట్టి, కార్యదర్శి గారి సంతకం తీసుకోండి. మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. అప్పుడు ఆడిటర్ ఏప్రిల్ నాటి వోచర్ గురించి అడిగితే ఫైల్లో ఉన్నది చూపిస్తారు, లేనిది లేదంటారు. మీ మీద పడదు.

దీనికి సెలవు మీద వెళ్లే ఆవిడతో కనీసం రెండు వారాలు కలిసి కూర్చోవాలి. జూలై 1న మీరు వెళ్లేసరికి ఆవిడ ఉండకపోవచ్చు. జూన్ మధ్య నుంచే మిమ్మల్ని రానిమ్మని, ఆ రోజులకూ డబ్బివ్వమని అడగండి. బాలింతకు ఫోన్ చేసి టాలీ పాస్‌వర్డు అడిగే పరిస్థితి రాకూడదు. ఆవిడ సెలవు ఆవిడ హక్కు.

ట్రస్టు లెక్కలు తెలియవన్నారు. డెబిట్, క్రెడిట్ మారవు. మారేవి కొన్నే, కానీ గట్టివి. అన్నిటికంటే ముందు మీరు మానుకోవాల్సింది మార్చి నెలాఖరు అలవాటు. కంపెనీలో బిల్లు వచ్చి డబ్బు కట్టకపోయినా ప్రొవిజన్ పెట్టి ఖర్చు చూపిస్తాం. ట్రస్టుకు పన్ను మినహాయింపు నిలవాలంటే ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే దాని లక్ష్యాలకు వినియోగించాలి, ఆ లెక్కలో నిజంగా చెల్లించిన డబ్బే వినియోగం. అనుకోండి, ఆదాయం కోటి రూపాయలు. పుస్తకాల్లో ఖర్చు 86 లక్షలు కనిపిస్తోంది కాబట్టి గట్టెక్కాం అనుకుంటాం. అందులో ఆరు లక్షలు నృత్యోత్సవం లైటింగు వాళ్లకూ ప్రింటింగు ప్రెస్సుకూ మార్చి 31 నాటికి ఇంకా కట్టలేదు. అప్పుడు వినియోగం 80 లక్షలే, ఐదు లక్షలు తక్కువ. ఆ ఆరు లక్షలు కట్టిన ఏడాది లెక్కలోకి వస్తాయి. తక్కువైన మొత్తాన్ని ఫలానా పనికని చెప్పి ఐదేళ్ల దాకా కూడబెట్టుకునే వీలుంది, కానీ దానికి ఫారం ఉంది, గడువుంది, ట్రస్టీల తీర్మానం కావాలి. మీరు చేరగానే మార్చి 31 నాటి బకాయిల జాబితా తీయండి. తగ్గిందని ఆగస్టులో తెలిస్తే దారి ఉంటుంది. సెప్టెంబరు ఆఖర్న తెలిస్తే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

అలాగే తరుగుదల, అంటే వస్తువు పాతబడే కొద్దీ ఏటా తగ్గించి రాసే విలువ. సౌండ్ సిస్టం కొంటే ఆ డబ్బంతా కొన్న ఏడాదే వినియోగం కింద చూపిస్తారు, కాబట్టి దాని మీద తరుగుదలను మళ్లీ వినియోగంగా లెక్కించకూడదు. కార్పస్ విరాళానికి, ఇది మూలనిధికేనని దాత రాసిచ్చిన ఉత్తరం ఉండాలి. ఉత్తరం లేకపోతే అది మామూలు విరాళమే. కళల ప్రోత్సాహాన్ని సాధారణంగా ప్రజోపయోగ లక్ష్యం కింద చూస్తారు. ఆ కోవలోని ట్రస్టుకు వ్యాపార ధోరణిలో వచ్చే రాబడి, అంటే హాలు అద్దెలు, స్పాన్సర్ల ప్రకటనలు వగైరా, మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాది మినహాయింపుకే ఎసరు. ఈ అంకె మీద నెలనెలా ఒక కన్నేసి ఉంచండి. ఇంకొకటి, 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీరు ముగించేది 2025–26 లెక్కలు కాబట్టి వాటికి 1961 చట్టమే. ఏప్రిల్ నుంచి నడుస్తున్న ఏడాదికి కొత్త సెక్షన్లు. రెండూ ఒకే టేబుల్ మీద ఉంటాయి, ఫైళ్లు విడిగా పెట్టుకోండి.

టాలీలో చాలా ట్రస్టులు "డొనేషన్లు" అని ఒకే లెడ్జర్ పెట్టి వదిలేస్తాయి. దాతకొక కాస్ట్ సెంటర్ (రాకపోకలు విడిగా చూపే విభాగం), ప్రాజెక్టుకొక కాస్ట్ సెంటర్ పెట్టండి. జూలైలో ఓ వారం పడుతుంది. ఆ తర్వాత ఏ దాత అడిగినా అయిదు నిమిషాల్లో రిపోర్టు తీయగలరు, ఆ తొమ్మిది లక్షల్లాంటివి మళ్లీ కంటికి కనపడకుండా జరగవు.

కళల సంస్థలో మీకు కంపెనీలో ఎప్పుడూ తగలని వోచర్లు వస్తాయి. ఒకటి చూపిస్తాను. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలాట బృందాన్ని పిలిచారనుకోండి, ఏడుగురు వచ్చారు. రాత్రి ఆట అయిపోయింది, తెల్లవారుజామున బస్సు. కార్యక్రమం చూసుకునే కుర్రాడు బృందం పెద్ద చేతిలో 28 వేలు నగదు పెట్టి, ఒక వోచర్ మీద ఒక సంతకం చేయించుకున్నాడు. మనిషి నిజం, ఆట నిజం, డబ్బు చేరింది. అయినా ఒకే వ్యక్తికి ఒకే రోజు పది వేలు మించి నగదు ఇస్తే ఆ మొత్తం వినియోగం లెక్కలోకి రాదు. 28 వేలూ పోయినట్టే. అందులో ఎవరికి ఎంత చేరిందో కూడా ఆ వోచర్ చెప్పదు. చెయ్యాల్సిందేమిటంటే, పిలిచిన రోజే ఏడుగురి పేర్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోలు, పాన్ ఉంటే పాన్ వాట్సాప్‌లో తెప్పించుకోవడం, ఆట అయిన మర్నాడే ఎవరి ఖాతాలో వాళ్లకు వేయడం. ఖాతా లేని పెద్దాయన ఉంటే ఆయన వాటా నాలుగు వేలు ఆయన చేతికే ఇచ్చి, ఆయన చేతే సంతకమో వేలిముద్రో తీసుకోవడం. దారి ఖర్చులకు అడ్వాన్సు ముందే ఇవ్వడం.

ఈ మాట ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నిబంధన పేరు చెప్పి కళాకారుడికి డబ్బు ఆపే అకౌంటెంట్లు ఉంటారు. చెరియాల నుంచి నకాషీ చిత్రకారుడు వచ్చి వర్క్‌షాపు చేసి వెళ్తే, జీఎస్టీ బిల్లు లేదని రెండు నెలలు తిప్పుతారు. రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్న ఆదాయం ఉన్న మనిషి జీఎస్టీ బిల్లు ఎక్కడి నుంచి తెస్తాడు? మామూలు రశీదు చాలు. కాగితాలు ముందే సిద్ధం చేసే బాధ్యత ఆఫీసుదే. ఆయన డబ్బు ఆయనకు వేళకు చేరడం ఆ ఫౌండేషన్ ఉన్నందుకు జరగాల్సిన మొదటి పని. దాన్ని మీ పనిగా అనుకుని చేయండి.

జీతం సంగతి. కన్సల్టెంట్ అంటే 60 వేలలో పది శాతం టీడీఎస్ పోయి చేతికి 54 వేలు వస్తాయి. రిటర్ను వేస్తే కొంత వెనక్కి రావచ్చు, కానీ పీఎఫ్ ఉండదు, ఆరోగ్య బీమా ఉండదు, సెలవు పెడితే డబ్బు కోస్తారో లేదో తెలియదు. రోజూ పది నుంచి ఆరు దాకా వాళ్ల ఆఫీసులోనే కూర్చోవాలంటే అది కన్సల్టెన్సీ కాదు, ఉద్యోగమే. కాబట్టి ఆరు నెలల నిర్ణీత కాల ఉద్యోగంగా ఇమ్మని అడగండి. కుదరదంటే 70 వేలు అడగండి, ఆడిట్ సీజన్లో మూడు గడువులు మోసే మనిషికి అది ఎక్కువేం కాదు. అదీ కుదరదంటే వారానికి నాలుగు రోజులకు ఒప్పుకోండి. లాభం లేని సంస్థ కదా అని జాలిపడి తక్కువకు ఒప్పుకోవద్దు. అకౌంటెంటుకు సరిగా ఇవ్వలేని ట్రస్టు లెక్కలు సరిగా ఉండటం నేను చూడలేదు.

ఇంకో జాగ్రత్త. ట్రస్టీల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు అకౌంట్స్ వాళ్ల సొరుగులో ఉంటాయి, ఓటీపీలు ఫోన్లో చెప్పేస్తుంటారు. మీ సొరుగులో వద్దు. బ్యాంకులో మీరు పేమెంట్ ఎంట్రీ చేసే మనిషిగా ఉండండి, ఆమోదం ట్రస్టీ తన ఫోన్ నుంచి ఇవ్వాలి. డిసెంబరు 31న మీ లాగిన్లు తీసేసినట్టు మెయిల్ తీసుకోండి.

మీవారి భయం నాకు అర్థమైంది. ట్రస్టు అనగానే మన ఇళ్లలో నల్లడబ్బు గుర్తొస్తుంది. ఆయనకు ఆ సంస్థ వెబ్‌సైటులో గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు ఉన్నాయేమో చూపించండి, లేకపోతే వాళ్లనే అడిగి తెచ్చుకోండి. మీరు పదమూడేళ్లు లెక్కలు చూసినవారు. ఆ కాగితాలు చదివితే సగం సంగతి మీకే తెలిసిపోతుంది. ఆడిటర్ పేరు చూడండి, ఏటా మారుతున్నాడా చూడండి, అడ్వాన్సుల పద్దు ఏటేటా పెరుగుతోందా చూడండి.

అన్నయ్య మాటతో మాత్రం ఏకీభవించను. ఏడాదిగా ఖాళీగా ఉన్న రెజ్యూమెకు ఆరు నెలల కాంట్రాక్టు మచ్చ కాదు. "ట్రస్టు ఆడిట్ పూర్తి చేశాను, సీఎస్సార్ రిపోర్టులు పంపాను, ఎఫ్‌సీ-4 వేయించాను" అని చెప్పగలిగిన సీనియర్ అకౌంటెంట్లు ఈ ఊళ్లో తక్కువ. స్వచ్ఛంద సంస్థలకు అకౌంటెంట్లు ఎక్కువగా ఆడిటర్ల మాట మీదే దొరుకుతారు. మీరు ఆడిట్‌కు ఫైలు ఎలా పెట్టారో ఆ సీఏ ఆఫీసులో కుర్రాళ్లకు గుర్తుంటుంది. అయితే సెలవు మీద వెళ్లిన ఆవిడ తిరిగి వస్తుంది, రావాలి. ఇదే పర్మనెంట్ అవుతుందన్న ఆశతో చేరకండి. అక్టోబరు రిటర్ను అయిపోగానే వేరే ఉద్యోగాలు చూసుకుంటానని ఇప్పుడే చెప్పేయండి, ఎవరూ తప్పు పట్టరు.

ఈ వారమే కార్యదర్శి గారికి మెయిల్ పెట్టండి. తొమ్మిది లక్షలను నిధుల మధ్య బాకీగా చూపించి, తీర్మానం చేసి, దాతకు తెలియజేస్తారా. జూన్ మధ్య నుంచి అప్పగింతకు రావచ్చా. ఉద్యోగమా, కన్సల్టెన్సీయా, డబ్బెంత. గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు పంపుతారా. మర్యాదగా, నాలుగు వాక్యాల్లో. జవాబు రాతలో వస్తే చేరండి. "వచ్చాక మాట్లాడుకుందాం" అని ఫోన్ వస్తే మరోసారి మెయిల్‌లోనే ఇమ్మని అడగండి. అప్పుడూ రాకపోతే వదిలేసి, మీ పాత కంపెనీ ఆడిటర్లకు ఫోన్ చేయండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా సీఏ ఆఫీసులన్నిటికీ మీలాంటి మనిషి అవసరమే.